సుగుణమ్మ సమాధిలో మూడో జాగా

దగ్గరికి జరగండమ్మా, ఇంకా జరగండి. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. అందులో అత్తాకోడళ్లు కొట్టుకునేది రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. నేను చెప్పబోయే అత్తాకోడళ్లలో అత్త పోయి ఏళ్లు గడిచాయి. అయినా కొట్లాట ఆగలేదు. నవ్వొస్తే నవ్వండి, వద్దనను. నాకు మాత్రం ఇది తలుచుకున్నప్పుడల్లా నవ్వుకంటే ముందు ఒళ్లు మండుతుంది.

బహదూర్‌పురాలో, జూ పార్కు వెనక గల్లీలో డానియేలు అని ఒకడున్నాడు. బస్సు డిపోలో బ్రేకులు బాగుచేసి బాగుచేసి రిటైరైన మనిషి. బ్రేకుల డానియేలు అంటే చర్చిలో తెలియనివాళ్లు లేరు. వందల బస్సులకు బ్రేకులు వేశాడు గానీ, తన బుర్రలో పుట్టే ఆలోచనలకు ఏనాడూ వేయలేదు. భార్య లీలమ్మ. ఒక్కతే బిడ్డ, స్వీటీ. బట్టల షోరూములో చీరలు విప్పి చూపించే పని.

ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక సంఘం పెద్ద ఈశ్వరయ్య లేచాడు. ఆయన చేతికి మైకు అందితే పాస్టరుగారి ప్రసంగం కంటే ప్రకటనలే పొడుగవుతాయి. అందుకే ఆయన మైకు ఈశ్వరయ్య.

"సోదరీ సోదరులారా! మన సమాధుల తోట నిండిపోయింది. పైన జాగ ఎంతున్నదో దేవునికెరుక, కింద మాత్రం లేదు. ఇగ కొత్త గోతులు తవ్వుడు బంద్. పాత సమాధులనే తెరుస్తం. ఒక్కో సమాధిల ముగ్గురు. ముందు పోయినోళ్లు కింద, ఎన్క పోయినోళ్లు మీద. మీ ఇంట్ల ఎవలు యాడ పంటరో మీరే మాట్లాడుకొని, సమాధుల పండుగ నాడు తోటలనే చెప్పుండ్రి. తర్వాత వచ్చి ఏడిస్తె నాకు సంబంధం లేదు!"

సమాధుల పండుగ అంటే మనవాళ్లంతా తోటకు పోయి, తమవాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. అది ఎంతో దూరం లేదు. చర్చి నుంచి ఇళ్లకు నడుస్తున్నంతసేపూ జనం పెళ్లి విడిదిలో గదులు పంచుకుంటున్నట్టు మాట్లాడుకున్నారు.

డానియేలు మాత్రం మాట్లాడలేదు. ప్లాను వేశాడు.

కిటికీలోంచి దస్తీ విసిరి బస్సులో సీటు ఆపుకునే ఊరు మనది. సమాధి మీద దస్తీ వేస్తే గాలికి ఎగిరిపోతుంది కనుక, బండే వేద్దామనుకున్నాడు. అతని తల్లి సుగుణమ్మ సమాధిలో రెండు జాగాలు ఖాళీ. ఒకటి తనకు, ఒకటి లీలమ్మకు. లెక్క కుదిరింది. లీలమ్మను అడగాలన్న సంగతి అతని మనసులోకే రాలేదు. బస్సులో పక్క సీటు పెళ్లానిదే కదా, అందులో అడిగేదేముంది?

చాంద్రాయణగుట్ట దగ్గర రాళ్లు చెక్కేవాడి దుకాణంలో నల్లని గ్రానైటు బండ ఎంచుకున్నాడు. ముగ్గురి పేర్లూ, పేరు కింద ఒక్కో మాటా చెక్కమన్నాడు. ఆ మాటల కోసం వారమంతా డాబా మీద పచార్లు చేశాడు. పెళ్లిరోజు వస్తోంది, లీలమ్మకు చెప్పకుండా కానుక ఇవ్వాలని అతని ఉబలాటం. అవునమ్మా, కానుకే. మీరు సరిగ్గానే విన్నారు.

పెళ్లిరోజు పొద్దున ట్రాలీ ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. సున్నాలు అయ్యేదాకా తోటలో బండలు దించనివ్వమన్నారట, అందుకని ఇంటికే తెచ్చారు. నలుగురు మనుషులు రొప్పుకుంటూ దాన్ని దించి, నల్లా పక్కన పడుకోబెట్టి పోయారు. డానియేలు పైనున్న గోనెపట్టా లాగి, పెళ్లికూతురి ముసుగు తీసినవాడిలా పక్కకు నిలబడ్డాడు.

స్వీటీ పళ్లు తోముకుంటూ వచ్చి పైకి చదివింది.

"సుగుణమ్మ. ప్రభువునందు నిద్రించుచున్న మహా తల్లి. డానియేలు. తల్లిమాట జవదాటని కుమారుడు, బ్రేకుల విభాగమున నమ్మకమైన సేవకుడు. లీలమ్మ..." అని ఆగింది. "మమ్మీ, మిగిలింది నువ్వే చదువుకో. నాకు డ్యూటీకి టైమైంది."

లీలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంగి చూసింది. 'లీలమ్మ. అత్తగారి అడుగుజాడలలో నడచి, ఆమె పాదముల చెంత విశ్రమించిన కోడలు.'

"ఎట్లున్నది?" అన్నాడు డానియేలు.

"ఏంది గిది?"

"గ్రానైటు. వానకు కరగది, ఎండకు పగలది."

"రాయి సంగతి కాదు. గీ మూడో పేరు ఎవలది?"

"నీదే లీలా. నాకు ఇంకెవలున్నరు?"

"నేను సచ్చిన్నా?"

"స్తోత్రం! గట్ల అనకు. ప్రభువు నిన్ను సల్లగ సూడాలె. ఇగో, పుట్టిన తారీఖు చెక్కిపిచ్చిన, పోయే తారీఖుకు జాగ ఇడిసిపెట్టిన. తొందరేం లేదు, నీ ఇష్టమొచ్చినప్పుడు పో."

"జనవరి ఒకటా?"

"నీ ఆధార్ కార్డుల గట్లనే ఉన్నది మరి."

"ఆధార్ కార్డుల ఈ గల్లీల సగం మంది జనవరి ఒకటికే పుట్టిన్రు! నేను ఎండకాలంల పుట్టిన. మా అమ్మ మామిడిపండు తినుకుంటనే నన్ను కన్నది. అది సుత తెల్వదా నీకు?"

"పోనీ తీ, దిద్దిపిస్త."

"దిద్దిపియ్. దాంతోపాటు గీ పాదాలు సుత తీసెయ్. ఎవల పాదాల చెంత పండాలె నేను?"

"మా అమ్మ... అంటే మర్యాదకు రాసిన..."

"నన్ను అడిగినవా?"

"దీంట్ల అడిగేదేమున్నది?"

అంతే. లీలమ్మ నోరు తెరిచింది. ఆ గల్లీలో పొద్దున్నే జూలోని సింహం గర్జన వినబడుతుంది. ఆ రోజు మధ్యలోనే ఆపేసిందట పాపం.

"ఏమున్నదా? నేను చెప్త ఏమున్నదో! పెండ్లయిన నాటి సంది ఆమె కిందనే పండిన. మంచం ఆమెది, సాప నాది. ఉన్న ఒక్క ఫ్యాను మొకం ఆమె దిక్కే. పాలు మీగడ కొడుక్కు, చాయ ఆమెకు, గ్లాసు కడిగిన నీళ్లు నాకు! మన పెండ్లి ఫొటో తీసి సూడు. నడుమల ఎవలున్నరు? నువ్వొక దిక్కు, నేనొక దిక్కు, నడుమల మీ అమ్మ! పెండ్లి మనదా, ఆమెదా?"

"పోయినామెను గట్లనొద్దు లీలా."

"పోయిందా? యాడికి పోయింది? ఇగో, అచ్చింది కదా ట్రాలీల!"

డానియేలుకు కూడా కోపం వచ్చింది. ఎంత కష్టపడి రాసుకున్నాడు! "గింత లొల్లి ఎందుకే? సచ్చినంక నీకేం తెలుస్తది?"

"తెల్వకపోతె గింత పొడుగు ఎందుకు రాయిపిచ్చినవ్? సచ్చినంక నీకు తెలిసేది నాకు తెల్వదా?"

డానియేలు బుర్ర గోక్కున్నాడు. "అయినా నువ్వు ఎన్క పోతవ్ కదా. ఎన్క పోయినోళ్లు మీద. నువ్వు మా అమ్మ మీదనే ఉంటవ్!"

"ఆమె బతికున్నప్పుడు మాట మీద మాట అననియ్యలే. ఇప్పుడు పోయి ఆమె మీద పండుమంటవా?" లీలమ్మ గొంతు వణికింది. అది ఏడుపు కాదు, పక్కా కోపం. "మంచాన పడ్డనాడు ఎత్తిన, కడిగిన, ముద్దలు కలిపి తినిపిచ్చిన. ఒక్కనాడు మొకం ముడుసుకోలే. బతికినన్ని దినాలు డ్యూటీ చేసిన. సచ్చినంక సుత నాకు డ్యూటీ ఏసినవా? అడగకుంటనా?"

పెళ్లిరోజని తెప్పించిన బిర్యానీ ఆ ఇంట్లో ఎవరూ ముట్టలేదు. పిల్లి తిన్నది.

మర్నాడు పొద్దున ధబ్ ధబ్ మనే చప్పుడుకు డానియేలు ఉలిక్కిపడి లేచాడు. బయటికొచ్చి చూస్తే, లీలమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, అతని బనియన్లకు సబ్బు పట్టించి, గ్రానైటు బండ మీద ఉతుకుతోంది. సరిగ్గా 'మహా తల్లి' అన్న చోట.

"లీలా! మా అమ్మ పేరు మీద బనియన్లా?"

"మురికి మంచిగ పోతుంది. నిజంగనే మస్తు రాయి తెచ్చినవ్."

గోడ అవతల నుంచి పక్కింటి షాహెదా బీ తల పెట్టింది. "అరె లీలా ఆపా, క్యా మస్త్ పత్థర్ హై! మేరీ దో చాదరాఁ భీ ధో లేవూఁ?" అంది, తన రెండు దుప్పట్లూ ఉతుక్కోనా అని.

"ఆవో బీ, ఆవో. మేరీ సాస్ కా పత్థర్ హై. జోర్ సే మారో!"

మా అత్తగారి రాయి, గట్టిగా కొట్టు అని! షాహెదా బీ రెండు దుప్పట్లు అనుకొని వచ్చింది గానీ, ఆ మాట విన్నాక ఇంటికి పోయి కర్టెన్లు కూడా తెచ్చుకుంది. ఆమెకూ ఒక అత్త ఉండేదట.

డానియేలు బండ మీద చద్దరు కప్పాడు. లీలమ్మ ఆ చద్దరు కూడా ఉతికింది. కనీసం బోర్లా తిప్పుదామని ఇనుప రాడ్డు పెట్టి లేపబోయాడు. బండ కదలలేదు, అతని నడుము కదిలింది. ఇక లాభం లేదని నడుముకు తువ్వాలు బిగించుకొని, పురానాపూల్‌లో ఉండే అక్క రాజమణికి ఫోన్ చేశాడు.

రాజమణి గల్లీ మొదట్లోనే ఆటో దిగి, అక్కడి నుంచే ఏడుపు మొదలుపెట్టింది. మనిషి చిన్నదే, గొంతు మాత్రం బస్సు హారను.

"ఓ మా అమ్మా! నీ పేరు మీద బట్టలుతుకుతున్నరే! తొమ్మిది నెలలు మోసిన నా తల్లి మీద తువ్వాలలు పిండుతున్నరే!"

"వదినె, కూసో. చాయ తాగినంక ఏడుద్దువు," అంది లీలమ్మ.

"నీ చాయ నాకొద్దు! మా అమ్మ దగ్గర పండుటానికి నీకు నామోషీ అయిందా? ఎంత అదృష్టం ఉండాలె దానికి!"

"గంత అదృష్టం నాకెందుకు వదినె? నీ తల్లి, నువ్వే ఉంచుకో."

డానియేలుకు ఆ ఇద్దరి మధ్య నిలబడటం ప్రమాదమనిపించింది. అక్క దగ్గర భార్య నోరు ఎట్లాగూ మూతపడుతుంది, తను వచ్చేసరికి అంతా సర్దుకుంటుందని, ఉస్మానియా బిస్కెట్లు తెస్తానని జారుకున్నాడు. అతను పోయాక ఏం జరిగిందో నేను చెబుతాను.

రాజమణి ఏడుపు ఆపి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. అటూ ఇటూ చూసింది.

"నిజంగనే అంటున్నవా లీలా? ఆ జాగ నాకిస్తవా?"

లీలమ్మ బట్టల బ్రష్షు పక్కన పెట్టింది. "నీకు మీ ఇంటోళ్ల సమాధి లేదా?"

"ఉన్నది." రాజమణి బండ మీద కూలబడింది. ఈసారి ఏడుపు నిజంది. "మా అత్త ఉన్నది దాంట్ల. మా ఆయన, మీ అన్న, పోయినప్పుడు సుత దాన్నే తెరిచి ఆమె పక్కకే పండవెట్టిన్రు. మూడో జాగ నాదేనంట. లీలా, నేను ఏది వండినా ఆమె మొదటి ముద్ద ఉమ్మేసేది. చుట్టాల ముంగట! గామె మీద నన్ను పండవెడ్తరంట. గా మాట ఇన్న సంది నాకు నిద్ర లేదు."

"మరి అన్న ఒక్కడైతడు కదా?"

"ఏ ఒక్కడు? బతికున్నప్పుడు సుత వాళ్లమ్మ పక్కకే కూసునేటోడు. ఉండనియ్. కలిసి ముద్దలు ఉమ్ముకుంటరు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే ఇంటి కోడలూ ఆడబిడ్డా అన్నేళ్లలో మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చారు.

"మరి నువ్వు యాడికి పోతవ్?" అంది రాజమణి.

"గోడ పక్కకు మా అమ్మ సమాధి ఉన్నది. ఒక్కతే పండింది. మా నాయన ఊర్లనే పోయె, ఆడ్నే పెట్టిన్రు. నా బిడ్డ యాడున్నదో అని అనుకునే మనిషి నాకు ఆమె ఒక్కతే ఉండె. ఆమె దగ్గరికే పోత."

డానియేలు బిస్కెట్ల పొట్లంతో వచ్చేసరికి ఇద్దరూ బండ మీద కాళ్లు చాపుకొని, ఒకే సాసరులో చాయ పోసుకొని తాగుతున్నారు. అక్క పవరే పవరనుకొని మురిసిపోయాడు. ఇక బండ విషయం ఎవరూ ఎత్తకపోతే, అది కూడా తన గెలుపే అనుకున్నాడు.

సమాధుల పండుగ వచ్చింది. తోటంతా తెల్ల సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు. పిల్లలు సమాధుల మధ్య దాగుడుమూతలు, పెద్దలు మెత్తటి ఏడుపులు. ప్రార్థన అయ్యాక మైకు ఈశ్వరయ్య ఒక్కో కుటుంబాన్ని పిలవసాగాడు.

"బ్రేకుల డానియేలు కుటుంబం!"

డానియేలు ఇస్త్రీ చొక్కా సర్దుకొని ముందుకొచ్చాడు. "మా అమ్మ సుగుణమ్మ సమాధిల నేను, నా భార్య లీలమ్మ. బండ సుత తయారున్నది పెద్దయ్యా."

"జర ఆగు తమ్మీ!" రాజమణి హారను మోగింది. మైకు అక్కర్లేకుండానే తోటంతా వినబడింది. "మా అమ్మ సమాధిల నేను. నన్ను కన్నది ఆమె. కాదనేటోడు ముంగటికి రావాలె!"

"మరి లీలమ్మ?" అన్నాడు ఈశ్వరయ్య.

"మా అమ్మ సమాధిల నేను," అంది లీలమ్మ, గోడ దగ్గర నుంచి. చేతిలో సున్నం కుంచె అలాగే ఉంది.

జనం తలలన్నీ గోడ వైపు తిరిగాయి. ఈశ్వరయ్య గొంతు సవరించుకున్నాడు. "సహోదరీ, భార్య స్థానం భర్త పక్కన. మన దాంట్ల పద్ధతి అది. నువ్వు దేవుని ముంగట ప్రమాణం చేసినవ్."

"చేసిన పెద్దయ్యా. మరిసిపోలే. నా పెండ్లిల మీరే ముంగట నిలబడి చెప్పిపిచ్చిన్రు, మరణం ఎడబాపే దాకా అని. ఆ దాకా ఈయన పక్కనే ఉంట. కష్టంల, సుఖంల, అన్నిట్ల ఉంట. దాని తర్వాత సంగతి ప్రమాణంల లేదు. దాని తర్వాత నా ఇష్టం."

ఈశ్వరయ్య మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు కొవ్వొత్తి వత్తి సరిచేయడంలో మునిగిపోయారు.

అప్పుడు వెనక నుంచి ఒకామె లేచింది. "నేను సుత మా అమ్మ దగ్గరికే!" ఇంకొకామె, "నాకు మా చెల్లె పక్కన రాసుకోండ్రి!" మరొకామె, "మా ఆయన పక్కనే గానీ, నడుమల గోడ కట్టాలె!" మగవాళ్లు కూర్చోండని కొంగులు లాగుతున్నారు, ఆడవాళ్లు చేతుల మీద కొడుతున్నారు, ఎవరి కాలో తగిలి సున్నం బకెట్టు ఒలికిపోయింది. ఈశ్వరయ్య "సైలెన్స్! సైలెన్స్!" అని అరుస్తుండగా ఆయన భార్యే వచ్చి చెయ్యి చాచింది.

"ఏమయ్యా, మైకు జర ఇటియ్యి."

జీవితంలో మొదటిసారి ఈశ్వరయ్య తనంతట తాను మైకు ఆపేశాడు.

డానియేలు తల్లి సమాధి గట్టు మీద కూర్చుండిపోయాడు. మొహం ఎర్రగా కందిపోయింది. కట్టుకున్నది నలుగురిలో పరువు తీసిందని పళ్లు నూరుకున్నాడు. ఇంతలో రాజమణి వచ్చి సమాధిని జానలతో కొలవడం మొదలుపెట్టింది.

"తమ్మీ, నువ్వు జర ఆ మూలకు పండాలె. నువ్వు గురకవెడ్తవ్. అమ్మకు చిన్నప్పటి సంది నేనంటెనే పానం, నేను మంచిగ నడుమల పంట. నువ్వు ముందు పోతె కిందికి పోతవ్, ఎన్క పోతె నా మీద బరువు పెట్టకు. సమజైందా?"

అప్పుడు దిగింది డానియేలు బుర్రలోకి. కింద అమ్మ. మీదో కిందో అక్క. ప్రభువు రెండో రాకడ దాకా ఇద్దరూ కలిసి, డానీ అటు జరుగు, డానీ ఇటు జరుగు. లేచి పోదామంటే డిపో లేదు, డ్యూటీ లేదు.

మెల్లగా లేచి గోడ దగ్గరికి పోయాడు. లీలమ్మ తల ఎత్తకుండా తల్లి సమాధికి సున్నం వేస్తోంది. స్వీటీ పూలు గుచ్చుతోంది.

"లీలా."

"ఊఁ."

"అత్తమ్మ సమాధిల ఇంకో జాగ ఉంటది కదా?"

"ఉంటది."

"ఎవలకు?"

"ఎవలన్న అడిగితె వాళ్లకు. ఇప్పటిదాకనైతె ఎవలు అడగలే."

"నేనేమన్న పరాయోన్నా? నేను సుత అడగాలెనా?"

లీలమ్మ కుంచెను బకెట్లో ముంచి, నీళ్లు దులిపింది. చుక్కలు అతని ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి.

"డాడీ," అంది స్వీటీ, "అది అమ్మమ్మ ఇల్లు. నువ్వు వస్తే సచ్చినంక ఇల్లరికం అన్నట్టు. జర మర్యాదగ అడుగు."

డానియేలు అటు చూశాడు. రాజమణి ఇంకా జానలు కొలుస్తూనే ఉంది. ఇటు చూశాడు. బస్సు ఫెయిలై నడిరోడ్డు మీద నిలబడ్డప్పుడు కూడా అతనికి అంత చెమట పట్టలేదు.

"లీలా... నీ పక్కన పంటనంటె... రానిస్తవా?"

లీలమ్మ చెయ్యి ఆగింది. అప్పుడు తల ఎత్తి అతని మొహంలోకి చూసింది. కోపం ఇంకా అలాగే ఉంది, కుంపటిలో నిప్పులా.

"పెండ్లయిన నాటి సంది నువ్వు నన్ను అడిగిన మొదటి మాట గిది."

"ఏమంటవ్ మరి?"

"ఏం తొందర? ఆలోచన చేసి చెప్త."

ఇప్పటికీ చెప్పలేదమ్మా. పండుగ మళ్లీ వచ్చి పోయింది. డానియేలు బజారుకు పోయేముందు ఏ కూర తేవాలని అడుగుతున్నాడు, చుట్టాలను పిలిచేముందు పిలవమంటావా అని అడుగుతున్నాడు, చివరికి కిటికీ తెరిచేముందు కూడా తెరవనా అని అడుగుతున్నాడు. ఆమె ఊఁ అంటుంది, లేదా ఊహూఁ అంటుంది. ఆ ఒక్కదానికి మాత్రం, ఆలోచిస్తున్నా అంటుంది.

ఇది మరచిపోకండి. మీ ఆడబిడ్డలకు చెప్పండి, కోడళ్లకు చెప్పండి, వాళ్లను ఇంకొకరికి చెప్పమనండి. కానీ వంటింట్లో గుసగుసగా చెప్పకండమ్మా. మగవాళ్లు అన్నం ముందు కూర్చున్నాక, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మొదలుపెట్టండి. మధ్యలో లేచి పోలేరు.